చరఖా పట్టినవాడి వైపు నుంచి

పోయిన నెల ఒక పాఠకురాలు “చదివాక నాలుగు రోజులు మనసు మనసులో లేకుండా చేసే నవల ఒకటి చెప్పండి” అని అడిగితే, ఖాలిద్ హుస్సేనీ ‘ది కైట్ రన్నర్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. దానికి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూశాక ఈసారి పేజీ మొత్తం దానికే ఇవ్వక తప్పలేదు. మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు ఒక నెల ఓపిక పట్టండి.

చదవనివాళ్ల కోసం కథ నాలుగు మాటల్లో. 1970ల కాబూల్. డబ్బున్న ఇంటి పిల్లవాడు అమీర్. ఆ ఇంటి నౌకరు అలీ కొడుకు హసన్. తల్లులు లేని ఆ ఇద్దరూ ఒకే దాది పాలు తాగారు, ఒకే పెరట్లో పెరిగారు. 1975 చలికాలంలో పతంగుల పోటీ రోజు, అమీర్ కోసం తెగిన పతంగి తేవడానికి పరిగెత్తిన హసన్‌ని ఒక సందులో ముగ్గురు కుర్రాళ్లు పట్టుకుంటారు. వాడి మీద లైంగిక దాడి జరుగుతుంది. అమీర్ సందు మొదట్లో నిలబడి చూసి, పారిపోతాడు. ఆ తర్వాత హసన్ మొహం చూడలేక, దొంగతనం అంటగట్టి ఇల్లు విడిచిపోయేలా చేస్తాడు. సోవియట్ సైన్యం వచ్చాక తండ్రీకొడుకులు అమెరికా చేరతారు. 2001లో పాకిస్తాన్ నుంచి తండ్రి పాత స్నేహితుడు రహీం ఖాన్ ఫోన్ చేస్తాడు. అప్పటికే హసన్‌ని తాలిబన్లు చంపేశారు. అతని కొడుకు సొహ్రాబ్ అనాథగా కాబూల్‌లో ఉన్నాడు. అమీర్ తిరిగి వెళతాడు.

ముందే చెబుతున్నా, కింద రహస్యాలన్నీ విప్పేస్తాను. ముగింపు తెలిస్తే చదవలేం అనేవాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయండి. కర్ణుడు ఎవరి కొడుకో తెలిసీ భారతం మళ్లీ మళ్లీ చదివినదాన్ని, నాకైతే ఆ పట్టింపు లేదు.

మేడమ్, ఇది రచయిత సొంత కథేనని మా లెక్చరర్ అన్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ

సగం నిజం నాయనా. హుస్సేనీ 1965లో కాబూల్‌లో పుట్టాడు. తండ్రి విదేశాంగ శాఖ ఉద్యోగి, తల్లి ఆడపిల్లల హైస్కూల్లో టీచర్. 1976లో తండ్రికి పారిస్ పోస్టింగ్ వస్తే కుటుంబమంతా వెళ్లింది. తిరిగి వెళ్లాల్సిన టైముకి దేశమే తలకిందులైంది. 1978లో కమ్యూనిస్టుల తిరుగుబాటు, 1979 డిసెంబర్‌లో సోవియట్ సైన్యం. 1980లో అమెరికా ఆశ్రయం ఇస్తే కాలిఫోర్నియాలోని శాన్ హోసే చేరారు. అంటే అమీర్‌లాగా చీకటి ట్యాంకర్లో ఊపిరాడకుండా సరిహద్దు దాటిన అనుభవం రచయితది కాదు. అక్కడే చదువుకుని డాక్టరయ్యాడు. తెల్లవారుజామున లేచి, ఆస్పత్రికి వెళ్లేముందు కూర్చుని రాసిన పుస్తకం ఇది. తాలిబన్లు పతంగులు ఎగరేయడాన్ని నిషేధించారని 1999లో టీవీ వార్తల్లో చూసి ముందు ఒక చిన్న కథ రాశాడు. 2001 మార్చిలో దాన్ని నవలగా మొదలుపెట్టాడు. 2003లో పుస్తకం వచ్చింది. తమాషా ఏమిటంటే, తన హీరో కాబూల్ తిరిగి వెళ్లే అధ్యాయాలు రాసేనాటికి రచయిత ఇంకా వెళ్లలేదు. ఇరవై ఏడేళ్ల తర్వాత 2003లో వెళ్లాడు.

ఇందులో నాకు ముద్దొచ్చే సంగతి వేరే ఉంది. తండ్రి టెహ్రాన్‌లో పనిచేస్తున్నప్పుడు వాళ్లింట్లో ఒక హజారా వంటమనిషి ఉండేవాడట. ఆయనకు చదవడం, రాయడం రాదు. మూడో తరగతి చదివే ఖాలిద్ ఆయన్ని కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాడు. నవల్లో అమీర్ ఏం చేస్తాడు? హసన్‌కి చదువు రాదని తెలిసి, పుస్తకం చూసి చదువుతున్నట్టు నటిస్తూ తప్పుడు కథ చెబుతాడు. కష్టమైన మాటకు తప్పు అర్థం చెప్పి లోలోపల నవ్వుకుంటాడు. రచయిత తను చేసిన మంచిని హీరోకి ఇవ్వలేదు. సొంత కథ రాసుకునేవాళ్లు సాధారణంగా దీనికి ఎదురు పని చేస్తారు.

కాబూల్ పతంగుల ఆట మన సంక్రాంతి ఆటలాంటిదేనా అక్కా? మాంజా, పేంచ్ అన్నీ ఉంటాయా?
– విశ్రాంత ఉద్యోగి, వరంగల్

అన్నీ ఉంటాయి తమ్ముడూ. మనం సంక్రాంతి సెలవుల్లో ఎగరేస్తాం, వాళ్లు చలికాలం స్కూళ్లు మూసేశాక మంచులో ఎగరేస్తారు. గాజుపొడి, జిగురు కలిపి దారానికి పట్టించి, చెట్ల మధ్య కట్టి ఆరబెట్టడం పుస్తకంలో చదువుతుంటే నాకు ధూల్‌పేట వాసన వచ్చింది. వేళ్లు తెగడం కూడా మామూలే. అప్పటి మాంజా వేళ్లు కోసేది, ఇప్పటి నైలాన్ దారం బండి మీద పోయేవాళ్ల గొంతులు కోస్తోంది. అందుకే దాన్ని నిషేధించారు. అయినా ఎక్కడో ఒకచోట అమ్ముతూనే ఉన్నారు, అది వేరే గోల.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. పతంగికి ఇద్దరు కావాలి. ఒకడు దారం పట్టి ఆడతాడు, ఇంకొకడు వెనక నిలబడి దారం చుట్టిన చరఖా పడతాడు. నవల్లో దారం అమీర్ చేతిలో, చరఖా హసన్ చేతిలో. గెలుపు అమీర్‌ది. తెగిన పతంగి కోసం సందులు తిరిగే కాళ్లు హసన్‌వి. మేం గౌలిగూడలో ఉండేవాళ్లం. మా మిద్దె మీద దారం మా అన్నది, చరఖా నాది. ఎనిమిదేళ్లు పట్టాను. “ఢీల్ దే” అంటే వదలాలి, “లపేట్” అంటే చుట్టాలి, పై పతంగి తెగితే అన్న కన్నా గట్టిగా “అఫా” అని అరవాలి. ఒక్క సంక్రాంతికీ దారం నా చేతికి రాలేదు. అందుకే లోకమంతా ఈ నవలని అమీర్ కథగా చదివితే, నేను మొదటి పేజీ నుంచీ చరఖా పట్టినవాడి పక్కన నిలబడి చదివాను. నా జవాబుల్లో ఆ పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

హజారా అంటే ఎవరు? హసన్‌ని అంత చులకనగా ఎందుకు చూస్తారు?
– పాఠకుడు, గుంటూరు

అఫ్గానిస్తాన్ నడిమధ్య కొండల్లో, బామియాన్ చుట్టుపక్కల ఎక్కువగా ఉండే జాతి. చాలామంది షియాలు, చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కువగా సున్నీలు. ముఖకవళికలు వేరుగా ఉంటాయి, కాబట్టి దాచుకోవడం కుదరదు. 1890లలో అప్పటి అఫ్గాన్ రాజు అబ్దుర్ రహ్మాన్ ఖాన్ వాళ్ల తిరుగుబాటును అణచివేశాడు. వేలమందిని చంపించాడు, భూములు లాక్కున్నాడు, బానిసలుగా అమ్మించాడు. వందేళ్ల తర్వాత 1998 ఆగస్టులో తాలిబన్లు మజారె షరీఫ్ పట్టుకున్నప్పుడు ఇల్లిల్లూ వెతికి మరీ చంపారు. నవల్లో అలీ, హసన్ ఇల్లు వదిలి వెళ్లేది ఆ హజారా కొండలకే.

పుస్తకంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. అమీర్‌కి చనిపోయిన తల్లి పుస్తకాల మధ్య ఒక చరిత్ర పుస్తకం దొరుకుతుంది. అందులో హజారాల మీద ఏకంగా ఒక అధ్యాయం ఉంటుంది. స్కూలు పాఠంలో ఒక్క వాక్యం కూడా లేని సంగతులు. టీచర్‌కి తీసుకెళ్లి చూపిస్తే ఆయన రెండు పేజీలు తిరగేసి, ముక్కు చిట్లించి, వెటకారంగా ఒక మాట అని తిరిగి ఇచ్చేస్తాడు. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పుస్తకాలకు ముద్రలు కొట్టిన నాకు ఆ ముక్కు చిట్లింపు బాగా తెలుసు.

రుస్తుం, సొహ్రాబ్ కథ పదేపదే వస్తుంది. అది తెలియకపోతే నవల అర్థం కాదా?
– తెలుగు పండితుడు, తెనాలి

అర్థమవుతుంది, కానీ తెలిస్తే గుచ్చుకుంటుంది. పారశీక కవి ఫిర్దౌసి కావ్యం షానామాలో రుస్తుం యుద్ధంలో ఒక కుర్రవీరుణ్ణి చంపుతాడు. ప్రాణం పోతుండగా తెలుస్తుంది, వాడు తన కొడుకేనని. హసన్‌కి ఆ కథంటే ప్రాణం. చదవడం రానివాడు వినీ వినీ నేర్చుకుని, చివరికి కొడుక్కి సొహ్రాబ్ అని పేరు పెట్టుకున్నాడు. పండితులు మీకు నేను చెప్పేదేముంది, ఫిర్దౌసిని మన ఇంటికి తెచ్చినవాడు జాషువా. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి వెండి చేతిలో పెట్టిన ఆ గజనీ మహమూద్ ఊరు కూడా ఇవాళ్టి అఫ్గానిస్తాన్‌లోనే ఉంది. నమ్మినవాణ్ణి ముంచిన కథలకు ఆ నేల మీద కొరత లేదు. మన నేల మీద మాత్రం ఉందా అంటారా, సరే.

హసన్ మరీ మంచివాడు మేడమ్. దొంగతనం చెయ్యకపోయినా చేశానంటాడు. తిరగబడడు. ఇది పనివాళ్ల విశ్వాసాన్ని మెచ్చుకునే యజమాని రచన అనిపించింది. మీరేమంటారు?
– ఉపాధ్యాయురాలు, హైదరాబాద్

ఇన్ని ఉత్తరాల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇదేనమ్మా, ఎందుకంటే సగం ఒప్పుకుంటాను. హసన్‌కి కోపం లేదు. అసూయ లేదు. పక్కింటి పెద్దవాళ్ల మీద సణుగుడు కూడా లేదు. అలాంటి పిల్లవాడు ఉంటాడా? నేను చరఖా పట్టిన ఎనిమిదేళ్లలో మా అన్న పతంగి తెగాలని ఎన్నిసార్లు మొక్కుకున్నానో మా కుర్మయ్య దేవుడికే తెలుసు. హసన్ లోపల ఏముందో రచయిత చూపించడు, కారణం కథ చెప్పేది అమీర్. అమీర్ ఎప్పుడూ ఆ గది తలుపు తియ్యలేదు. చదివేవాళ్లు ఆ తేడా పట్టుకుంటే సరే, లేకపోతే మీరన్నట్టే “ఎంత నమ్మకమైన నౌకరు” అని కళ్లు తుడుచుకుని పుస్తకం మూసేస్తారు.

కానీ రెండు చోట్ల ఆ తలుపు సందులోంచి వెలుతురు పడుతుంది. ఒకటి, అమీర్ పరాచికానికి “నేను చెబితే మట్టి తింటావా” అంటాడు. హసన్ తింటానంటాడు. వెంటనే, నువ్వు ఎప్పుడైనా నాతో అలాంటి పని చేయిస్తావా అని తిరిగి అడుగుతాడు. అడిగి, సూటిగా చూస్తాడు. అదీ హసన్ తెలివి. రెండోది దానిమ్మ చెట్టు దగ్గర. సందులో జరిగినదాని తర్వాత అమీర్‌కి హసన్ కనబడితేనే ఒళ్లు మంట. గుట్ట మీదికి తీసుకెళ్లి దానిమ్మపండ్లతో కొడతాడు. నువ్వూ నన్ను కొట్టు, కొట్టు అని అరుస్తాడు. హసన్ ఒంటి నిండా ఎర్రటి రసం. చివరికి హసన్ ఒక పండు తీసుకుని, దగ్గరికి వచ్చి, తన నుదుటికేసి తనే పగలగొట్టుకుని, ఇప్పుడు చాలా అన్నట్టు అడిగి వెళ్లిపోతాడు. దాన్ని విశ్వాసం అనను నేను. నీకు కావాల్సిన దెబ్బ నా చేత్తో ఇవ్వను అని చెప్పడం అది.

నా మటుకు ఈ నవల్లో అన్నిటికన్నా నిజమైన సంగతి ఇదే. మనం ఎవరికైనా అన్యాయం చేస్తే వాళ్ల మీద జాలి పడతాం అనుకుంటాం. పడం. కోపం వస్తుంది. వాళ్ల మొహం రోజూ ఎదురుగా ఉండి మన పని గుర్తుచేస్తుంది కదా, ఆ మొహం ఇంట్లోంచి పోతే బాగుండు అనిపిస్తుంది. అమీర్ హసన్‌కి ద్రోహం చేసింది సందు మొదట్లో. వెళ్లగొట్టింది మాత్రం ఆ ద్రోహాన్ని చూడలేక. ఇంకో వాక్యం కూడా ఉంది. దాడి తర్వాత హసన్ ఆ నీలం పతంగి పట్టుకుని వస్తాడు, నడవలేకుండా. అమీర్ కళ్లు ముందు పతంగి ఎక్కడైనా చిరిగిందా అని వెతుకుతాయి. అది దాచకుండా రాసినందుకే రచయిత మిగతా తప్పులు క్షమించాను.

హసన్ తన తండ్రికే పుట్టినవాడని తెలిశాకే అమీర్ కాబూల్‌కి కదిలాడు. తమ్ముడు కాకపోతే వెళ్లేవాడు కాదా? ఇదేం ప్రాయశ్చిత్తం?
– బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

బాగా పట్టుకున్నారు. రహీం ఖాన్ మొదట అడిగినప్పుడు అమీర్ “డబ్బిచ్చి ఎవరినైనా పంపండి” అంటాడు. రహస్యం చెప్పాక కదులుతాడు. స్నేహితుడి కొడుకు కోసం కదలనివాడు తమ్ముడి కొడుకు కోసం కదిలాడన్నమాట. నేను రచయిత పక్కన కూర్చుని ఉంటే ఆ మలుపు కొట్టేయమనేదాన్ని. మన పాత సినిమాల్లో పుట్టుమచ్చ చూసి అన్నదమ్ములని గుర్తుపట్టినట్టు ఉంటుంది.

అమీర్ తండ్రి బాబా విషయానికి వస్తే మాత్రం ఆ రహస్యం అక్కరకొస్తుంది. లోకంలో పాపం ఒక్కటే, దొంగతనం, మిగతావన్నీ దాని రూపాలే అని కొడుక్కి నేర్పిన మనిషి ఆయన. అబద్ధం చెబితే ఎదుటివాడికి నిజం తెలుసుకునే హక్కు దొంగిలించినట్టు అంటాడు. అలాంటాయన చనిపోయేదాకా ఏం దాచాడో తెలిశాక, హసన్ దొంగతనం ఒప్పుకున్న రోజున ఆయన వెంటనే క్షమించేయడం, అలీ వెళ్లిపోతానంటే ఏడవడం, అన్నీ వేరేగా కనబడతాయి. ఆ ఒక్క పేజీ కోసం మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఇంగ్లీష్ బాగా చదువుతాడు. ఇవ్వవచ్చా?
– గృహిణి, రాజమండ్రి

ముందు మీరు చదవండమ్మా. పిల్లవాడి మీద లైంగిక దాడి ఉంది, బహిరంగంగా రాళ్లతో కొట్టి చంపడం ఉంది, ఒక పసివాడు చావబోవడం ఉంది. అమెరికాలో స్కూళ్ల నుంచి తీసేయమని ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాల్లో ఇదొకటి. తీసేయమనేవాళ్లతో నేను ఏకీభవించను, కానీ పిల్లాడి చేతిలో పెట్టేసి మీరు సీరియల్ చూస్తూ కూర్చునే పుస్తకం కూడా ఇది కాదు. ఇంకో రెండేళ్లు ఆగినా మునిగిపోయేదేం లేదు. 2007లో సినిమా వచ్చింది, అది చూపిస్తే చాలదా అంటారేమో. ఆ సినిమాలో నటించిన అఫ్గాన్ పిల్లలకు ఆ ఒక్క సన్నివేశం వల్ల ప్రమాదం ఉందని విడుదల వాయిదా వేసి, వాళ్లని దేశం దాటించారు. తెర మీద నటించడానికే అంత వెల కట్టాల్సి వచ్చింది.

అమ్మా, మీరు చెప్పారని చదివాను, చదవకపోతే బాగుండేది. 1994లో నేను తొమ్మిదో తరగతి క్లాస్ లీడర్‌ని. టూర్ కోసం పోగుచేసిన 340 రూపాయల్లో జాతరలో గాజులకి, ఐస్‌లకి కొంత ఖర్చుపెట్టేశాను. సారు లెక్క అడిగితే భయపడి, ఇంటర్వెల్‌లో నా బెంచీమేట్ ఒక్కతే క్లాసులో ఉందని చెప్పాను. వాళ్లమ్మ మా స్కూల్లోనే ఊడ్చేది. అది ఏమీ మాట్లాడలేదు. నా వంక చూసింది, అంతే. దసరా సెలవుల తర్వాత మళ్లీ బడికి రాలేదు. పోయిన శ్రావణంలో ఒక బట్టల షాపులో చీరలు చూపిస్తూ కనిపించింది. నన్ను గుర్తుపట్టింది, నవ్వింది, “ఈ రంగు నీకు బాగుంటది” అంది. నేను పట్టుచీర కొనుక్కుని వచ్చేశాను. దాని కూతురు ఇంటర్ చదువుతోందని తెలిసింది. యాభై వేలు ఎవరు పంపారో తెలియకుండా ఫీజుకి కట్టేద్దామనుకుంటున్నాను. సరైన పనేనా?
– ఊరు, పేరు వద్దు

బిడ్డా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ముందు పుస్తకంలోంచి రెండు పరుపులు చూపిస్తాను. మొదటిది హసన్ పరుపు. అమీర్ తన పుట్టినరోజుకి వచ్చిన కొత్త వాచీ, కాసిని నోట్లు తీసుకెళ్లి, ఎవరూ లేనప్పుడు దాని కింద పెడతాడు. తర్వాత తండ్రికి చెబుతాడు. రెండోది ఇరవై ఆరేళ్ల తర్వాత, జలాలాబాద్‌లో ఒక పేద ఇంట్లో. అమీర్‌కి వాళ్లు అన్నం పెడతారు. ఆ ఇంటి ముగ్గురు పిల్లలు అతని చేతి వాచీ వంకే చూస్తున్నారనుకుని, వాచీ తీసి చిన్నవాడికి ఇచ్చేస్తాడు. కాసేపటికి పిల్లలు దాన్ని పక్కన పడేస్తారు. రాత్రి గోడ అవతల మాటలు వినబడతాయి: పిల్లలకి తిండి లేదు. వాళ్లు చూసింది వాచీ వంక కాదు, అతను తింటున్న పళ్లెం వంక. తెల్లారి వెళ్లేముందు అమీర్ నలిగిన నోట్లు గుప్పెడు తీసి వాళ్ల పరుపు కింద పెట్టి వస్తాడు.

చదివినవాళ్లంతా ఆ రెండో పరుపు దగ్గర ‘ఆహా’ అంటారు. నేనూ అన్నాను. కానీ ఆ ఇంటివాళ్లకి అమీర్ ఏ అన్యాయమూ చెయ్యలేదు. వాళ్లకి చాటుగా డబ్బు పెడితే అది ఉపకారం. నువ్వు పెట్టబోయేది మొదటి పరుపు యజమానికి. అప్పుడు చాటుగా మాట వేశావు, ఇప్పుడు చాటుగా డబ్బు వేస్తానంటున్నావు. ఆమెకి రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో తెలియవు. మొదటిది మాత్రం తెలుసులే. నీ వంక చూసిందన్నావు కదా.

డబ్బు వద్దనడం లేదు. యాభై వేలు ఇంటర్ పిల్లకి చిన్న విషయం కాదు, నా నీతులకన్నా నయం. కానీ ముందు మాట, తర్వాత డబ్బు. ఇంకో సంగతి, ఆ షాపుకి మాత్రం వెళ్లకు. అక్కడ ఆమె నవ్వడం ఉద్యోగం. కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి లేచి వెళ్లిపోలేదు, అరవలేదు, ఏడవలేదు, పక్కన సూపర్‌వైజర్ ఉంటాడు. నువ్వు ఏం చెప్పినా “పర్లేదులే” అనాల్సిందే. ఆ “పర్లేదులే” పట్టుకుని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతావు నువ్వు. నౌకర్ల గదిలో ఉన్నన్నాళ్లూ హసన్‌ది కూడా ఆ కౌంటరే. అందుకే వాడు చెయ్యని దొంగతనానికి అవునన్నాడు. ఆమె సెలవు రోజు ఏదో కనుక్కో. తలుపు మూసుకునే హక్కు ఆమెకి ఉండే చోట, ఆమె ఇంటి గడపలో నిలబడి చెప్పు. అంతా చెప్పు, గాజుల సంగతితో సహా. “అప్పుడు చిన్నదాన్ని” అనకు, ఆమె కూడా అంతే చిన్నది. క్షమించమని అడగకు. అడిగితే ఆమెకి మళ్లీ ఒక పని చెప్పినట్టే.

వాళ్లమ్మ బతికి ఉంటే ఆమెకి వేరేగా చెప్పాలి. దొంగ కూతురిని కన్నదన్న మాట పడి, ఆ స్కూల్లోనే ఎన్నాళ్లు ఊడ్చిందో! మీ సారు కనబడితే ఆయనకీ చెప్పు. నింద పడింది క్లాసు మధ్యలో, నలుగురి ముందు. విప్పడం ఒక్కరి చెవిలోనే అయిపోతే లెక్క సరిపోదు.

ఆమె తలుపు వేసేస్తే? వేస్తుందేమో. నవల్లో అమీర్ ఒక దుర్మార్గుడి చేతిలో ఎముకలు విరిగేలా దెబ్బలు తిని, తింటూ నవ్వుతాడు, ఏదో గాయం మానినట్టుందని. నాకు అక్కడ కోపం వచ్చింది. ఆ దెబ్బల వల్ల హసన్‌కి ఏమొచ్చింది? అసలు పని దాని తర్వాత మొదలవుతుంది, దానికి సంగీతం ఉండదు. ఇస్లామాబాద్ ఎంబసీలో అధికారి పిల్లవాడి తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు తెమ్మంటాడు, యుద్ధంలో ఉన్న దేశం నుంచి మరణ ధ్రువపత్రాలు ఎవరిస్తారు? మళ్లీ అనాథాశ్రమంలో పెట్టనని మాట ఇచ్చిన నోటితోనే, కొన్నాళ్లు ఉండాల్సి రావచ్చని అమీర్ అనేస్తాడు. ఆ రాత్రి పిల్లవాడు చావు అంచుదాకా వెళ్లివస్తాడు. అమెరికా తీసుకెళ్లాక కూడా నెలల తరబడి ఒక్క మాట మాట్లాడడు. అమీర్ రోజూ అన్నం పెడుతూ, పక్కన కూర్చుంటూ ఉంటాడు. చివరికి ఫ్రీమాంట్‌లో ఒక పార్కులో పతంగి తెగినప్పుడు సొహ్రాబ్ పెదవి ఒక పక్కన కాస్త కదులుతుంది. ఏడువందల మైళ్లు కాదు, ఏడువేల మైళ్లు దాటి తెచ్చినవాడికి దక్కింది అర నవ్వు.

నీకు అదైనా దక్కుతుందని మాట ఇవ్వలేను. వెళ్లివచ్చాక ఏమైందో నాకు రాయి. అచ్చు వెయ్యను.

పతంగి తెగితే ఎవరిది? ఎగరేసినవాడిదా, పట్టుకున్నవాడిదా? మా ఫ్రెండ్ కొట్లాడుతున్నాడు.
– ఆరో తరగతి, మెదక్

పట్టుకున్నవాడిదే నాన్నా. కాబూల్‌లోనూ అదే రూలు, ఒకడి చెయ్యి పడ్డాక ఇంకెవ్వరూ లాక్కోకూడదు. మా గల్లీలోనూ అదే. కానీ నేను పట్టుకొచ్చినవన్నీ మా అన్నే తీసేసుకునేవాడు.

ఈ పేజీ రాస్తూ నిన్న ఆయనకి ఫోన్ చేశాను. డెబ్బై రెండేళ్లు ఇప్పుడు. “ఎనిమిదేళ్లు నీకు చరఖా పట్టాను, ఒక్కసారైనా దారం ఇచ్చావా?” అని అడిగాను. కాసేపు ఆగి, “నువ్వు పట్టేదానివా? పక్కింటి పిల్లాడనుకున్నానే” అన్నాడు.